శ్రీమంతం నాటి కుళాయి

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ ఉండేది కాదు. నేర్చుకోని పనులు చాలానే ఉండేవి గానీ, అది వేరే సంగతి. అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో టౌన్‌హౌస్ కొనుక్కున్న కొత్త. కట్టి చాలా ఏళ్లయిన ఇల్లే అయినా మాకు కొత్తదే. ఆఫీసులో పడిపోయిన సర్వర్లను లేపి నిలబెట్టేవాణ్ణి, వంటింటి కుళాయి కారుతుంటే ప్లంబర్ని పిలవడమేమిటని నా ఉద్దేశం. పైగా ఇంటర్నెట్‌లో ఒకాయన చొక్కా నలగకుండా, నవ్వుతూ కుళాయి మార్చేసిన వీడియో చూసి ఉన్నాను. (సింక్ కింద నీళ్లు ఆపే వాల్వ్ ఆయన చేత్తో తిప్పగానే తిరిగింది. ఆ ఒక్క విషయం నేను గమనించి ఉండాల్సింది.)

మా ఆవిడకి ఏడో నెల. ఆ శనివారం మధ్యాహ్నం శ్రీమంతం. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు పొద్దున్నే వంటిల్లు ఆక్రమించి చలిమిడి, పులిహోర చేసేశారు. ఆవిడ బయటికొచ్చీ రాగానే నేను కొత్త కుళాయి డబ్బాతో లోపలికి బయల్దేరాను. "ఇవాళే ఎందుకండీ? రేపు చెయ్యొచ్చుగా" అంది మా ఆవిడ. "ఇంతమంది వస్తుంటే కారే కుళాయి చూపిస్తామా? హాఫెనవర్‌లో ఐపోతుంది" అన్నాను, కొత్త కుర్తా చేతులు పైకి మడుస్తూ.

సింక్ కింద దూరి చన్నీళ్ల వాల్వ్ తిప్పబోతే అది కదల్లేదు. రెంచ్ పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా ఉపయోగించాను. టక్‌మంది. తిరిగిందని సంతోషించేలోపు దాని పిడి నా చేతిలోకీ, నీళ్లు నా మొహం మీదకీ వచ్చాయి. బ్యారేజీ గేట్లెత్తినట్టే! "అయ్యో, నా పులిహోర!" అంటూ అత్తగారు లోపలికొచ్చి, గిన్నె ఎత్తుకుని హాల్లోకి పరిగెత్తారు. (అల్లుడి క్షేమం తర్వాత అడిగారు లెండి.) బొటనవేలు అడ్డం పెట్టి, "మెయిన్ వాల్వ్ ఎక్కడుందే?" అని కేకేశాను. మా ఆవిడ పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నిదానంగా గరాజ్‌లోకి నడిచింది. నీళ్లు ఆగిపోయాయి. "ఇల్లు కొనేముందు తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టర్ చూపించాడు కదండీ. మీరప్పుడు టీవీ కోసం గోడ కొలుస్తున్నారు" అంది తిరిగొచ్చి.

అంతలో బెల్ మోగింది. ఇంట్లో ఎక్కడా చుక్క నీళ్లు లేవు, గుమ్మంలో అతిథులు. ఆడవాళ్లు హాల్లో గాజులు తొడుగుతూ పాటలందుకుంటే, మగవాళ్లంతా పట్టు కుర్తాలతో వంటింట్లో చేరారు. ఒక్కొక్కరూ సింక్ కిందకి తలదూర్చడం, "డిజైన్ ప్రాబ్లం" అని తేల్చి లేవడం. చివరికి మేమంతా వరంగల్ అన్న అని పిలుచుకునే మిత్రుడు మోకాళ్ల మీద కూర్చుని, "అరే తమ్మీ, గట్ల గుంజకు, పైపు మర పోతది. నడు, స్టోర్‌కి పోదాం" అన్నాడు. తడిసిన కుర్తా, నుదుట బొట్టుతో నేను వాల్వులు వెతుకుతుంటే స్టోర్‌లో జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు.

అతిథులు తాగేనీళ్ల సీసాలతో చేతులు కడుక్కుని పులిహోర తింటుండగా, అన్న వాల్వ్ బిగించాడు, నేను కుళాయి బిగించాను. మెయిన్ తిప్పే ముందు పాటలు కూడా ఆగాయి. ఎక్కడా ఒక్క బొట్టు కారలేదు! చప్పట్లు మోగాయి. కూతురికిచ్చిన హారతి పళ్లెం ఇంకా చేతిలోనే ఉండడంతో అత్తగారు ఆ కుళాయికీ ఓసారి తిప్పేశారు.

సాయంత్రం అంట్లు కడగబోయి ఆవిడే పిలిచారు. "బాబూ, చన్నీళ్ల వైపు తిప్పితే వేణ్ణీళ్లు వస్తున్నాయేం?" గొట్టాలు నేను అటుదిటు తగిలించాను. "రేపు మార్చేస్తానండీ" అన్నాను ధీమాగా.

ఆ రేపు రాలేదు. మా అమ్మాయి ఆ కుళాయి దగ్గరే స్టూలెక్కి చేతులు కడుక్కోవడం నేర్చుకుంది. ప్రీస్కూల్లో చేరిన కొత్తలో ఓరోజు చాలా సీరియస్‌గా ఇంటికొచ్చి, "నాన్నా, మా స్కూల్‌లో ట్యాప్ రాంగ్ పెట్టారు. నువ్వొచ్చి ఫిక్స్ చేస్తావా?" అంది. ఇప్పుడైతే ఏది కారినా ముందు ప్లంబర్‌కి ఫోన్ చేస్తున్నాను. అప్పుడు మాత్రం, ఒక్క క్షణం, రెంచ్ ఎక్కడ పెట్టానా అని ఆలోచించాను.