పల్లీల పొట్టు

ఉట్నూర్ బస్సులో నా పక్కన కూర్చున్న ముసలామె వేయించిన పల్లీలను అరచేతుల్లో నలిపి, పొట్టు ఊదేస్తోంది. నాకూ కొన్ని పెట్టింది. నేను నలపకుండానే నోట్లో వేసుకున్నాను.

“పొట్టెందుకు తింటున్నవ్ బిడ్డా?”

మందులతో పాడైన కడుపు నాది. పొట్టులోని పీచు మనకు అరగదని, పేగుల్లోని సూక్ష్మజీవులకు అదే తిండని డాక్టరు చెప్పిన మాట కాస్త విసుగ్గానే ఆమెకు చెప్పాను.

“గవిటికి పాణముంటదా?”

“ఉంటదమ్మా. అందరి కడుపులల్ల లెక్కలేనన్ని ఉంటయి.”

ఆమె చేతులు ఆగాయి.

“మా ముసలాయన పోయినంక ఒక్కదానికేం వండుకుంటనని పొయ్యి ముట్టిస్తలేను. గింతమందిని ఉపాసం పండవెట్టిన్నా?”

మిగిలిన పల్లీలను పొట్టుతోనే నమిలింది.

నేనూ గదిలో ఒక్కడినే ఉంటాను. డ్యూటీ నుంచి వచ్చి, తినకుండా పడుకుందామనుకున్నప్పుడు ఆమె మాట గుర్తొస్తుంది. లేచి స్టవ్ వెలిగిస్తాను.