సెడుగుడు

నిన్న చర్చి నుంచి వస్తుంటే నర్సీపట్నం హైస్కూలు గ్రౌండులో ఆడపిల్లలకు కబడ్డీ సెలక్షన్లు జరుగుతున్నాయి. కొత్త మాస్టారు స్టాప్‌వాచీ పట్టుకుని పరుగులు పెట్టిస్తున్నాడు. పోయిన మా ఆయన అదే గ్రౌండులో చాలా ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేశారు. ఆయన పరుగు చూసేవారు కాదు. పిల్లలను వరసగా నిలబెట్టి కూత పెట్టించి, భుజాలు చూసేవారు. ఊపిరి పీలిస్తే భుజాలు లేచే పిల్లకు దమ్ము పైపైనే ఉంటుందని ఆయన నమ్మకం. ఇంట్లో నేను బిందె ఎత్తినా నా భుజాలు చూసి, "నువ్వు సబ్‌స్టిట్యూట్‌గా కూడా పనికిరావు" అనేవారు.

తొంభై ఏడులోనో ఎనిమిదిలోనో రావికమతం వైపు నుంచి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి వచ్చింది. కూత ఎంతసేపు పెట్టినా భుజాలు కదలలేదు. ఆ రోజు సంతోషంతో ఆయన అన్నం సరిగ్గా తినలేదు. పిల్ల తల్లి మాత్రం ముందే చెప్పేసింది: "స్పోర్ట్స్ హాస్టల్లో సీటొస్తే సదువుతాదండి మేస్టారూ. నేదంటే పరీక్షలైపోగానే నాతోపాటు జీడిపిక్కల ఫేక్టరీకే."

చిక్కల్లా ఒక్కటే. ఆ పిల్ల కూత "కబడ్డీ" కాదు, ఊళ్లో నేర్చుకున్న "సెడుగుడు". పోటీల్లో అది చెల్లదు. ఆ మాటతోనే దమ్ము బాగా నిలుస్తోందని ఆయన మార్చలేదు. "ముందు ఊపిరి కుదరనీ, మాటదేముంది" అన్నారు నాతో. హాస్టల్ సీటు తేల్చే జిల్లా సెలక్షన్లు పదిహేను రోజులున్నాయనగా మార్పించారు.

సెలక్షన్లకు నేనూ వెళ్లాను. మొదటి రెండు సార్లూ పిల్ల "కబడ్డీ" అనే కూత పెట్టింది. మూడోసారి అవతలి జట్టులో ముగ్గురు కాళ్లు పట్టేశారు. వాళ్లను ఈడ్చుకుంటూ వచ్చి మధ్యగీత మీద చెయ్యి వేసింది. ఆ పెనుగులాటలో నోట "సెడుగుడు సెడుగుడు" అని వచ్చేసింది. విజిల్ పడింది. "ఏటమ్మా, మీ ఊరి అమ్మోరి తీర్థంలో ఆడుతున్నావేటి?" అన్నాడు రిఫరీ. అందరూ నవ్వారు. పేరు కొట్టేశారు.

ఎవరినీ ఏదీ అడగని మనిషి ఆ రోజు రిఫరీ వెంట గ్రౌండంతా తిరిగారు. "ఊపిరి చూడండి సార్. ఇంకొక్కసారి ఆడనివ్వండి. తప్పు నాది, పిల్లది కాదు."

"కూతే రాని పిల్లని తెచ్చి దమ్ము సూడమంటారేటి మాస్టారూ?" అంటూ రిఫరీ లిస్టు మడిచేశాడు.

తిరుగు బస్సులో పిల్ల, "నోటికొచ్చీసిందండి మేస్టారూ" అంది.

వేసవిలో పిల్ల ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. ఇంకో ఏడాది చదివించమని అడగడానికి ఆయన వాళ్లింటికి వెళ్లారు. జీడి రసానికి నల్లబడిన వేళ్లతో పిల్ల మంచినీళ్లు తెచ్చిందట. అడగకుండానే లేచి వచ్చేశారు.

తర్వాత ఎన్ని జట్లు తయారుచేసినా, ఒక్క నెల ముందు ఆ మాట మార్పించి ఉంటే అంటూ మొదలుపెట్టేవారు. ఆయన అడిగింది ఒక్క నెలే. అప్పటినుంచి ఎన్నో ఏళ్లు వచ్చాయి, ఆ నెల మాత్రం రాలేదు.