నేల చూడాల్సిన లైట్లు

వారానికి మూడు రోజులు తెల్లవారకముందే తిరువూరు నుంచి విజయవాడకు కారు నడపడం నాకిది రెండో ఏడాది. నా భార్యకు డయాలసిస్. ఏడింటికల్లా చేరకపోతే మిషను ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ దారిలో మాట్లాడుకునే ఓపిక కూడా మా ఇద్దరికీ ఎప్పుడో పోయింది.

చలికాలం రాగానే ఫాగ్ లైట్లు పెట్టించాను. మెకానిక్ కారును గోడకు ఎదురుగా నిలిపి, లైటు ఎత్తుకు సుద్దముక్కతో గీత గీసి, వెలుగు ఆ గీత దాటకుండా దించాడు.

"ఇవి నేల చూడాలండి. పైకి పెడితే మంచే కనపడుద్ది, రోడ్డు కనపడదు," అన్నాడు.

నేను వినలేదు. మా వైపు ఎదురొచ్చేవాడు ఒక పట్టాన డిప్ కొట్టడు. వాడి కళ్ళలో మన లైటు పడితేనే దారికొస్తాడని అందరి నమ్మకం, నాదీ అదే. కాస్త పైకెత్తమన్నాను. గొణుక్కుంటూ ఎత్తాడు.

ఒక పొద్దున పొగమంచు దట్టంగా ఉంది. నా లైట్ల వెలుగంతా తెల్లగా నా మొహానికే తిరిగొచ్చింది. ఊరు దాటగానే ఎదురుగా హారన్ వినపడింది, వెంటనే ఆడవాళ్ళ కేకలు. దిగి చూస్తే, పత్తితీతకు వెళ్తున్న కూలీల ఆటో. ముందు చక్రం రోడ్డు దిగి గుంటలో ఉంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. డ్రైవరు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఒకసారి నా సీట్లో కూర్చుని చూడండి సార్," అన్నాడు.

కూర్చున్నాను. కళ్ళలో కొట్టే తెల్లటి వెలుగు తప్ప రోడ్డు లేదు, కారు లేదు, కారులో ఉన్న నా మనిషీ లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

లైట్లు ఆపి, ఆడవాళ్ళతో కలిసి ఆటోను పైకి నెట్టాను. డిక్కీలోంచి పానా తీసి బోల్టులు వదులు చేసి, వెలుగు తారు మీద పడేదాకా లైట్లు కిందికి వంచాను. ఆ తర్వాత నాలుగు గజాలే కనపడింది గానీ, కనపడింది రోడ్డే. మైలవరం దగ్గర మంచు విడిపోయాక వాటిని ఆర్పేశాను.

మా మిషను పోయింది. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్నాం. ఆమె కాళ్ళు వాచి ఉన్నాయి.

"నావల్లే ఆలస్యమైంది," అన్నాను.

"ఆలస్యానిదేముందండీ," అంది కళ్ళు మూసుకునే. "నన్ను బతికించుకోవాలని మీరు అంతమందిని పడేసేవాళ్ళు. అప్పుడు నేను బతికి ఏం చేసుకోను?"