మసి బొట్టు

మా ఊరి పోస్టాఫీసు మా వీధి అరుగు మీదే ఉండేది. నాన్నగారే పోస్టుమాస్టరు. ఎవరింటికి చావు కబురు వచ్చినా ముందు మా గడప దగ్గరికి రావలసిందే. డెబ్బై ఒకటి డిసెంబరులో పాకిస్తానుతో యుద్ధం మొదలయ్యాక ఆ అరుగంటేనే నాకు గుండె దడ.

నా భయమంతా పేటలోని ఒక కుర్రవాడి గురించి. హైస్కూల్లో నాకంటే పై తరగతి. వాళ్ళు క్రైస్తవులు. అతని తల్లి మా చేలో ఊడ్పులకీ కోతలకీ వచ్చేది. దాహమేస్తే పెరట్లో దూరంగా నిలబడి దోసిలి పట్టేది, మా అమ్మ తగలకుండా పైనుంచి నీళ్ళు పోసేది. మాది మడీ వేదమూ ఉన్న ఇల్లు మరి! రాజోలు బస్సులో మాట్లాడుకున్న నాలుగు మాటలతోనే మేమిద్దరం ఒకరికొకరం అనుకున్నాం. తరువాత అతను మిలటరీలో చేరాడు. యుద్ధం వచ్చేనాటికి తూర్పు సరిహద్దులో ఉన్నాడు.

కొడుకు కబురు కోసం అతని తల్లి వచ్చి అరుగు కింద నిలబడితే, ఆవిడ నోరు తెరవకముందే నేను "ఏమీ రాలేదండీ" అనేసేదాన్ని. కూలికొచ్చే మనిషిని మా ఇంట్లో 'అండీ' అన్నది నేనొక్కదాన్నే. ఆవిడకి అనుమానం అక్కడే వచ్చి ఉంటుంది.

ఆదివారం చర్చిలో సైనికుల కోసం ప్రార్థన ఉందని మా పాలేరు చెప్పాడు. అప్పటికి మా దేవుళ్ళందరికీ మొక్కేశాను, అతని దేవుడొక్కడే మిగిలాడు. నాన్నగారు ద్రాక్షారామం వెళ్ళారు, అమ్మ మడిలో ఉంది. కాలవగట్టు పట్టుకుని బయల్దేరాను. బొట్టుతో లోపలికి వెళితే ఇట్టే పట్టేస్తారని రేవులో నుదురు కడిగేసుకున్నాను. ఆడపిల్ల బోడినుదురుతో తిరగకూడదని తెలుసు. కాసేపే కదా అనుకున్నాను.

ఆడవాళ్ళ వెనక చాప మీద, ఓణీ నెత్తిన కప్పుకుని కూర్చున్నాను. పాస్టరుగారు అతని పేరు చెప్పి ప్రార్థిస్తుంటే ఏడుపు ఆగలేదు. ఆ వెక్కిళ్ళకి ముందు వరసలో ఉన్న అతని తల్లి వెనక్కి తిరిగింది. పోస్టుమాస్టరు కూతురు. కన్నీళ్ళు. నుదుట బొట్టు లేదు.

"అమ్మాయిగారూ..." అంటూ లేచి నిలబడింది. "టెలిగ్రాం వచ్చేసిందాండీ?"

నేను నోరు విప్పేలోపే "నా కొడుకా!" అంటూ కూలబడిపోయింది. చుట్టూ ఆడవాళ్ళు ఒక్కసారిగా గొల్లుమన్నారు.

"రాలేదండీ! ఏ కబురూ రాలేదు! ఒట్టండీ!" అని అరిచాను.

ఏడుపులు ఆగాయి. ఆవిడ నా ముఖంలోకి చూసింది. "మరి ఆ నుదురేంటమ్మా?"

చర్చి అంతా నన్నే చూస్తోంది. మగవాళ్ళ వైపున మా పాలేరు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఇంక దాచేదేముంది? నా పరువు పోతే పోయింది, అతనికే కీడు తెచ్చిపెట్టానేమోనన్నదే నా భయం.

ఆవిడ లేచి నా చెయ్యి పట్టుకుంది. అదే మొదటిసారి ఆవిడ నన్ను తాకడం. బరబరా తన ఇంటికి లాక్కెళ్ళింది. ఆ ఇంట్లో కుంకుమ ఎక్కడుంటుంది? పొయ్యి మీది అన్నం కుండ అడుగున వేలు రాసి, ఆ మసే నా నుదుట బొట్టు పెట్టింది.

"మావోడు బతికే ఉన్నాడండి. మళ్ళీ ఇలా చెయ్యకండి."

ఇంటికి రాగానే మామ్మ నిలదీసింది. "ఆ మసి ఎవరు పెట్టేరే?"

చెప్పేశాను. ఆ రోజు నుంచి నాకు వీధి అరుగు మీదికి రావడం బంద్. యుద్ధం ఆగిపోయిందని రేడియోలో విన్నాను. అతను ఉన్నాడో లేడో చెప్పేవాళ్ళు లేరు. అరుగు దగ్గర సైకిలు ఆగితే చాలు, వంటింట్లో నా చేతిలో గిన్నె జారిపోయేది.

ఒక పొద్దున్న వీధిలోంచి ఆవిడ గొంతు వినబడింది. ఊరంతా వినబడేలా అరుస్తోంది. "పోస్టుమాస్టరుగారండోయ్! మావోడు వచ్చేసేడండి!"

ఆ అరుపు నాన్నగారి కోసం కాదు.

మా పెళ్ళి ఆ చర్చిలోనే జరిగింది. మావాళ్ళెవరూ రాలేదు. పాస్టరుగారు నా బొట్టు వైపు చూసి ఏదో అనబోయారు. మా అత్తగారు అడ్డుపడింది.

"దాని జోలికెళ్ళకండి అయ్యగారూ. ఆ బొట్టు లేకుండా ఈ పిల్లని ఓసారి చూసేను. ఇంక చాలండి."