అవ్వ కళ్లు మూసుకుని విన్న పాట

మా ఎదురింటి అవ్వ టీవీ ముందు కూర్చోగానే కళ్లు మూసుకునేది. నిద్రపోతోందనుకుని నవ్వుకునేవాణ్ణి.

ఒకరోజు అవ్వ, తిరుమంగళంలో చనిపోయిన తన అక్క పత్తిచేలో పాడుకునే తెలుగు పాటలు పాడిన వీడియోను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, టీవీలో పెట్టుకునేలా డిస్కులో వేసిమ్మంది. ఆ పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. ఉన్నా, కోయంబత్తూరులో తమిళం చదువుకున్న మేం చదవలేం.

ఫైలు డిస్కులో పట్టలేదు. నా లినక్స్ కంప్యూటర్‌లో కుదించాను. ముఖం చక్కగా కనబడాలని బొమ్మ నాణ్యతను కొంతే తగ్గించి, శబ్దం నాణ్యతను అడుగుకు దించేశాను. అంత తెలివి నాది! డిస్కు తయారయ్యాక, ఇంకెందుకులే అని పెన్‌డ్రైవ్‌లో ఉన్న అసలు ఫైలు కూడా చెరిపేశాను.

అవ్వ మా ఇంట్లోనే కళ్లు మూసుకుని మొదటి పాట వింది.

"ఏం తంబీ, అక్క గొంతు బావిలోనుంచి వచ్చేట్ల ఉండాది?"

ఆమెకు బొమ్మతో పనే లేదని అప్పుడు తెలిసింది నాకు.

"పాడినప్పుడే అట్ల ఉండాది అవ్వా," అన్నాను.

అవ్వ కళ్లు తెరిచింది. "అట్లనా? కడసీలో, పోయే ముందర, అక్క గొంతు ఇంతగా పోయిందా? నేను ఒక నడ ఆ ఊరికి పోయి చూసుకోలేదే!"

డిస్కును కొంగులో చుట్టుకుని మెల్లగా మెట్లు దిగింది. నేను వెనక్కి పిలవలేదు.