లో గేరు పడిన రోజు

బీఎస్సీ జువాలజీ ముగించి కైకలూరులో ఒక నీటి పరీక్షల ల్యాబ్‌లో చేరి అప్పటికి ఏడాదైంది నాకు. రెండువేల సంవత్సరం దాటాక నాలుగైదేళ్ల నాటి మాట ఇది. ఏలూరులో మొదటి బస్సెక్కి, కొల్లేరు మీదుగా వెళ్లి, ఏడు కొట్టకముందే కైకలూరులో దిగేదాన్ని. రైతులు సీసాల్లో పట్టుకొచ్చిన చెరువు నీళ్లు పరీక్షించడం, అవసరమైతే చెరువు దగ్గరికే వెళ్లి చూసి ఏం వేయాలో చెప్పడం నా పని.

అలా తిరగడానికి ల్యాబ్‌కి ఒక పాత పికప్పు ఉండేది. ముందు జీపు ముఖం, వెనక పొట్టి తొట్టి. రంగు ఏమిటో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయేవారు. దాని డ్రైవరు కూడా ఏలూరు నుంచే, నాతోపాటు అదే బస్సులో వచ్చేవారు. యాభై దాటిన ముస్లిం పెద్దమనిషి. ఇరవై ఏళ్లు లారీ రిపేరు షెడ్డులో పనిచేసి, బరువులెత్తలేక డ్రైవరుగా మారారు. నేను బాబాయిగారూ అనేదాన్ని. ఆయన నన్ను అమ్మా అనేవారు, రైతులు ఎదురుగా ఉంటే మాత్రం మేడంగారూ అనేవారు.

ఆ బండిలో మామూలు గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు పొట్టి రాడ్లు ఉండేవి. ఎడమ రాడ్డు వేస్తే వెనక చక్రాలతోపాటు ముందు చక్రాలూ లాగుతాయి. కుడి రాడ్డు వేస్తే ‘లో’ పడుతుంది. అప్పుడు బండి గేదె నడకన పోతుంది గానీ, ఎంత బురదలోనైనా, ఎంత ఏటవాలైనా ఆగకుండా ఎక్కుతుంది. ఎక్కుతుందని ఆయన చెప్పేవారు. నేనైతే చూడలేదు. ఎందుకంటే మా ల్యాబ్ ఆ బండిని కొన్నప్పటి నుంచి ఆ కుడి రాడ్డు కదిలిందే లేదు.

ఎండాకాలం దానితో పనిలేదు. వానలు పడ్డాయంటే కలిదిండి వైపు చెరువు గట్లన్నీ నల్లమన్ను, సబ్బుబిళ్ల మీద నడిచినట్టే. గట్టు మీదికి ఎక్కే వాలు దగ్గర బండి ఆపేసి, పరికరాల పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్లం. రెండుసార్లు జారిపడ్డాను. రెండోసారి పెట్టె చెరువులో పడింది.

ఆ వారమే తాడేపల్లిగూడెంలో పేరున్న మెకానిక్కు ఒకాయనకి చూపించాం. ఆయన కింద దూరి, లేచి, చేతులు తుడుచుకుంటూ తేల్చేశాడు.

“లోపల గేరు పళ్లు పోయాయండి. ఆ పొట్టి రాడ్ల కింద ఉండే చిన్న గేర్‌బాక్సు దింపాల్సిందే. పది రోజులు బండి నా దగ్గర వదిలేయండి.”

పది రోజులు బండి లేకపోతే ల్యాబ్ మూసుకోవాలి. బండి వదలకుండా తిరిగొచ్చేశాం. దారంతా బాబాయిగారు గొణుగుతూనే ఉన్నారు.

“పళ్లు పోతే చప్పుడు రావాలి కదమ్మా. గరగరలాడాలి. ఇది రాయిలా బిగుసుకుపోయింది. పళ్లు పోయిన నోరు ఇంత గట్టిగా మూసుకోదు.”

ఆ మాట నా బుర్రలో దిగబడిపోయింది. నాకు బండ్ల గురించి తెలిసింది తక్కువ. అంతకు ముందు సంవత్సరమే ఏలూరులో కారు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను, అంతే. కానీ చెరువులో చేపకి జబ్బు చేస్తే ఎలా వెతకాలో తెలుసు. నాలుగు మందులు ఒకేసారి గుమ్మరించకూడదు. ఒక్కటి మార్చి, చూసి, రాసుకోవాలి.

“మనమే చూద్దాం బాబాయిగారూ. రోజుకొకటి,” అన్నాను.

“ఆయ్, చూద్దారండి,” అన్నారాయన. ఆ గొంతులో నమ్మకం కంటే సరదా ఎక్కువగా వినిపించింది.

మధ్యాహ్నం పని తగ్గాక ల్యాబ్ వెనక రేకుల చావడి కింద మొదలుపెట్టాం. మొదటిరోజు చిన్న గేర్‌బాక్సు ఆయిలు తీశాం. పాలు కలిపిన టీ రంగులో వచ్చింది. గట్ల మీద నీళ్లలో తిరిగినప్పుడు లోపలికి నీరు పోయిందన్నమాట. కొత్తది పోశాం. కుడి రాడ్డు కదల్లేదు. రెండోరోజు రాడ్ల కీళ్లన్నిటికీ కిరోసిన్ కొట్టి, తుప్పు గీకి, గ్రీజు పెట్టాం. ఎడమ రాడ్డు వెన్నలా కదిలింది. కుడిది కదల్లేదు. మూడోరోజు ఆ కీళ్లలో అరిగిపోయిన బుష్‌లు మార్చాం. ఊహూఁ. అన్నీ నా నీటి పరీక్షల పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను. మా ఓనరుగారు అటుగా వచ్చి, నా చేతుల గ్రీజు చూసి, నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

నాలుగోరోజు నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. బాబాయిగారు గోనెపట్టా పరుచుకుని బండి కింద పడుకున్నారు. నేను రాడ్డు లాగుతుంటే లోపల ఏది కదులుతోందో, ఏది ఆగుతోందో ఆయన చూడాలి.

“కుడిది లాగండమ్మా.”

లాగాను. రాలేదు.

“ఎడమది వేసి, కుడిది లాగండి.”

ఎడమది వేశాను. కుడిది రాలేదు.

కిందనుంచి ఏదో తట్టి చూస్తున్న చప్పుడు వచ్చింది. తర్వాత ఆయన మెల్లగా అన్నారు.

“ఈ డబ్బా లోపల ఓ తిరకాసు ఉందమ్మా. షెడ్డులో మా పెద్ద మేస్త్రీగారు చెప్పేవారు. ముందు చక్రాలు పూర్తిగా పడితేగానీ లో పడనివ్వదు. రెండు రాడ్ల మధ్యలో చిన్న ఇనుప ముక్క అడ్డం ఉంటుంది. ఎడమది పూర్తిగా వస్తేనే ఆ ముక్క పక్కకి జరుగుతుంది.”

“ఎడమది పడుతోంది కదండీ? మొన్న బురదలో ముందు చక్రాలు తిరిగాయి, నేను చూశాను.”

“తిరిగాయి. కానీ పూర్తిగా పడిందంటారా?”

నాకప్పుడు వెలిగింది. పళ్లు సగం పట్టుకున్నా చక్రాలు తిరుగుతాయి! ఇన్నాళ్లూ అందరం పనిచేయని రాడ్డునే తిట్టుకున్నాం. పనిచేస్తున్నట్టు కనబడుతున్న దాన్ని ఎవరూ అనుమానించలేదు.

“బాబాయిగారూ, ఎడమ దాన్ని కిందనుంచి ఇంకొంచెం నెట్టగలరా?”

“పట్టి ఉండండి.”

పెద్ద స్క్రూడ్రైవరు ఆనించి నెట్టినట్టున్నారు, “యా అల్లా” అని మూలిగారు. నేను కుడి రాడ్డు లాగాను.

టక్.

అంత తేలిగ్గా వచ్చింది. నా చెయ్యి విసురుకి వెనక్కి పోయి మోచెయ్యి సీటుకి తగిలింది. నేను కేక పెట్టాను. కిందనుంచి ఆయనా కేక పెట్టారు. లేవబోయి ఇనుపదూలానికి నుదురు కొట్టుకున్నారు. నొప్పి అనలేదు సరికదా, బయటికి పాకి వచ్చి, బురద చేతులతోనే నవ్వుతూ నిలబడ్డారు.

“పడిందా?”

“పడిందండీ! పడింది!”

ఇక మిగిలింది ఒకటే. ఎడమ రాడ్డు ఎందుకు సగంలో ఆగుతోంది? ఇద్దరం తలలు వంచి బండి నేల మీద వెతికాం. నాకే ముందు కనబడింది. చేపనీళ్లు కారి పాత రేకు తుప్పుపడితే, మాకంటే ముందున్నవాళ్లెవరో కొత్త రేకు వేయించారు. రాడ్లు కదలడానికి దాంట్లో కోసిన సందు పొట్టిది. ఎడమ రాడ్డు వచ్చి ఆ రేకు అంచుకి తగిలి ఆగిపోతోంది. తగిలిన చోట ఇనుము అద్దంలా మెరుస్తోంది. బాబాయిగారు కిందనుంచి నెట్టినప్పుడు ఆ రేకు కాస్త వంగి దారిచ్చినట్టుంది. నా చూపుడువేలు వెడల్పు రేకు అడ్డం, అంతే. దానికోసం గేర్‌బాక్సు దింపబోయాం.

హాక్సా బ్లేడుకి గుడ్డ చుట్టుకుని వంతులవారీగా కోశాం. ఆకురాయితో అంచులు నున్నగా చేశాం. సాయంత్రం ల్యాబ్ ఆవరణలో ఆయన నన్నే నడపమన్నారు. ముందు బండి పూర్తిగా ఆపాలి, క్లచ్ తొక్కాలి, ఎడమది వేయాలి, తర్వాత కుడిది. యాక్సిలరేటర్ తొక్కకుండానే బండి కదిలింది. పక్కన నడిచే మనిషి మమ్మల్ని దాటిపోగలడు. అయినా నాకు విమానం నడుపుతున్నట్టే ఉంది.

సరిగ్గా ఐదు రోజులకి వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఎండ ముఖం లేదు. నాలుగోరోజు ఉదయం బస్సు దిగి ల్యాబ్ తలుపు తీస్తుండగానే ఫోన్ మోగింది. కలిదిండి అవతల చెరువు రైతు. మాటలు తొందరలో ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి.

“మేడంగారండీ, చేపలన్నీ పైకొచ్చి గుటకలేస్తున్నాయండి! కరెంటు లేదు, నీళ్లు చిలికే ఏరేటర్లు ఆగిపోయాయి. నా ఇంజను కాలిపోయిందండి. ఎలాగైనా ఓ ఇంజను పట్టుకురండి!”

ఎండ లేక నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది. నీటిని తోడి పైనుంచి కొడితేనే చేపకి ఊపిరి. గంటా రెండు గంటలు ఆలస్యమైతే చెరువంతా తెల్లగా తేలుతుంది. పక్క మేత దుకాణంవాళ్ల డీజిలు ఇంజను, పంపు తొట్టిలోకి ఎక్కించి, ఆక్సిజన్ బిళ్లల డబ్బాలు సర్ది బయల్దేరాం.

గట్టు ఎక్కే వాలు దగ్గర బండి ఆపాల్సి వచ్చింది. వాన నీళ్లకి ఒక పక్క అంచు కోసుకుపోయింది. మిగిలినదంతా నల్లటి బురద. పైన రైతు, ఇద్దరు కూలీలు చేతులూపుతున్నారు. ఇంజను నలుగురు మోసినా ఆ బురదలో ఎక్కదు.

బాబాయిగారు దిగి, కర్రతో అంచు పొడిచి చూశారు. తిరిగొచ్చి నా వైపు తలుపు తీశారు.

“అమ్మా, నేను ముందు నడుస్తాను. ఎక్కడ గట్టిగా ఉందో నా కాలికే తెలియాలి. బండి మీరు తీసుకురండి.”

“నేనా?”

“లో వేయండి. యాక్సిలరేటర్ తొక్కకండి, క్లచ్ తొక్కకండి. దాని దారిన దాన్ని రానివ్వండి. నా చేతుల్ని చూడండి, ఇంకేం చూడకండి.”

సీటు మారాను. బండి ఆపి ఉంది. క్లచ్. ఎడమది, చివరిదాకా. కుడిది. టక్. మొదటి గేరు. క్లచ్ వదిలాను.

బండి బురదలోకి ముక్కు పెట్టింది. ఒక అడుగు, ఇంకో అడుగు. ఇంజను గొంతు మారిందే గానీ ఆగలేదు. ముందు ఆయన లుంగీ పైకి కట్టుకుని, వెనక్కి నడుస్తూ, చేత్తో కుడికి, ఎడమకి చూపిస్తున్నారు. మధ్యలో వెనక చక్రం జారింది. బండి తోక చెరువు వైపు ఊగింది. నా కాలు బ్రేకు మీదికి పరిగెత్తబోయింది.

“తొక్కొద్దమ్మా! తొక్కొద్దు!”

తొక్కలేదు. ముందు చక్రాలు పట్టుకున్నాయి. బండి తనంతట తానే సర్దుకుని, బుసకొడుతూ పైకి పాకింది. గట్టు మీద నాలుగు చక్రాలూ నిలిచినప్పుడు నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. కూలీలు ఈలలు వేశారు.

పావుగంటలో ఇంజను దిగింది, పైపు నీళ్లు చిమ్మింది. నేను బిళ్లలు విసురుతూ గట్టంతా పరిగెత్తాను. చెరువు నిండా బొచ్చె, శీలావతి చేపల తెరిచిన నోళ్లు, వేలకొద్దీ గుండ్రాలు. ఆ గుండ్రాలు ఒక మూల నుంచి తగ్గుతూ వచ్చాయి. ఉదయం పది దాటేసరికి నీటి మీద వాన చినుకులు తప్ప ఏమీ లేవు. అవతలి మూల కొన్ని బుట్టల చేప పోయింది. మిగిలిన చెరువంతా నిలిచింది. రైతు కాసేపు గట్టు మీద కూలబడిపోయి, తర్వాత లేచి, “ముందు అన్నం తినండి, తర్వాత మాట్లాడుకుందాం,” అన్నాడు.

సాయంత్రం బస్సులో బాబాయిగారు వెనక సీట్లో నిద్రపోయారు. నాకు కుదురెక్కడిది? పక్కన ఖాళీ గంపతో కూర్చున్న చేపలమ్మే ఆవిడకి మొత్తం చెప్పేశాను. రేకు, రాడ్లు, మధ్యలో ఇనుప ముక్క, అన్నీ చేతులు తిప్పి మరీ చెప్పాను. ఆవిడ ఓపిగ్గా తలూపుతూ విని, చివరికి నా మోచెయ్యి పట్టుకుంది.

“ఆ ఇనప ముక్కల గోల నాకు తెల్దు గానీ అమ్మా, ఇంతకీ చేపలు బతికాయా?”

“బతికాయండీ!” అన్నాను. నా గొంతు ఎంత పెద్దదైందంటే బస్సులో ముందు సీట్లవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు.