భిలాయిలో నాకు లేని భార్య

ఒక ఆదివారం ఉదయం, నిండు చర్చిలో, పెళ్ళికాని నేను ఇద్దరు పెళ్ళాల మొగుణ్ణి కాబోయి ఎలా బతికి బయటపడ్డానో చెబుతాను. మీరు నవ్వుకోండి, ఫర్వాలేదు.

ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గర మా తెలుగు చర్చి. పెళ్ళి కుదిరితే మూడు ఆదివారాలు పేర్లు చదివి, "ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి" అని అడగడం తాతలనాటి ఆనవాయితీ. సంఘం వెబ్‌సైటులో ఈ పని చేసిపెట్టే ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం రాస్తానని నేను మీసం మెలేశాను. పెళ్ళివారు ఫారం నింపితే ప్రకటన పాస్టరుగారికి చేరుతుంది. అభ్యంతరమున్నవాళ్ళకు ఇంకో ఫారం.

అవన్నీ పనిచేస్తున్నాయో లేదో రోజూ నింపి చూసే ఓపిక నాకెక్కడిది? మనిషిలాగే తానే ఫారం నింపి, బటన్ నొక్కి, ఫలితం చెప్పే ఆటోమేటిక్ పరీక్ష తయారుచేశాను. కొరివితో తల గోక్కున్నవాళ్ళ గురించి వినే ఉంటారు. ఆ కొరివి దానంతటదే గోకేలా ఏర్పాటు చేసిన ఘనుణ్ణి నేను.

పరీక్షకు పేర్లు కావాలి. వరుడు నేనే. వధువు ఝపటాపూర్ పేట మెర్సీ. క్వయర్‌లో పాడే ఆ పిల్లను క్రిస్మస్‌లోగా నిజంగానే అడగాలని నా ఆశ. అడిగే ధైర్యం లేక ఫారంలో రాసుకున్నాను. అభ్యంతరం ఏం రాయాలో తోచక, "వరుడికి భిలాయిలో భార్య ఉంది" అని రాశాను. దీన్ని పరీక్షల కోసం పెట్టుకున్న నకలు సైటు మీద నడపాలి. అడ్రసు మార్చడం మరిచి అసలు సైటు మీదే నడిపాను. అన్నీ పాసయ్యాయని హాయిగా నిద్రపోయాను.

ఆదివారం, ఊరికి కొత్తయిన పాస్టరుగారు కాగితం తీసి మా ఇద్దరి పేర్లూ చదివారు. ఆయన పేజీ తిప్పి, "దీనికో అభ్యంతరం కూడా వచ్చింది" అంటూ అదీ చదివేశారు.

అమ్మ నా తొడ గిల్లింది. "ఓరి నాయనా, ఎప్పుడు సేసుకున్నావురా?"

"నేదమ్మా! అది టెస్టు!"

"పెళ్ళికి టెస్టేట్రా?"

మెర్సీ నాన్న లేచాడు. రైల్వే వర్క్‌షాప్‌లో ముప్పై ఏళ్ళు సుత్తి పట్టిన మనిషి. "ఏట్రా, నా కూతురు నీకు రెండోదా?"

"బిలాయిలో ఎవరూ నేరు మావయ్యా! నేనే రాసినాను!"

"నీమీద నువ్వే రాసుకున్నావా? ఠీక్ హై. బయటికి రా, మాటాడుకుందాం."

నేను బయటికి వెళ్ళలేదు. పాస్టరుగారి అంగీ వెనక నక్కి, సంఘమంతటి ముందూ జరిగింది చెప్పేశాను. ఆయన ఫోన్ తీసి సైటు తెరిచారు. ప్రకటన తొలగింది. అభ్యంతరం మాత్రం కదల్లేదు.

"రుజువు చూపేదాకా ఇది పోదట. అంతవరకూ ఈ వరుడి పేరిట మరే ప్రకటనా రాదట. ఈ నిబంధన ఎవరు పెట్టారు బాబూ?"

"నేనేనండి."

"చాలా బాగా పనిచేస్తోంది" అన్నారాయన.

లేని భార్య లేదని రుజువు ఎక్కణ్ణుంచి తేను? మెర్సీ నవ్వాపుకుంటూ నా పక్కనుంచే వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక అమ్మ అన్నం వడ్డిస్తూ, గొంతు తగ్గించి, "పోనీలే, కోడలు తెలుగు పిల్లేనా?" అంది.

కాబట్టి పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పరీక్షలోనూ నా పెళ్ళి నేను చేసుకోను. భిలాయి మీదుగా పోయే రైలు, ఉచితంగా ఎక్కించినా, ఎక్కను.